వాచ్‌మన్‌కే తెలిసిన వాల్వు

బ్రాడీపేటలో ఏ లైనులోనైనా, ఏ హాస్టల్‌లోనైనా ఏడాది ఉన్నవాళ్లకు ఈ అనుభవం కొత్తకాదు. సంక్రాంతికి వాచ్‌మన్ బాబాయ్ ఊరెళ్తాడు. మర్నాడు పొద్దున్నే పై అంతస్తు కుళాయిల్లో చుక్క నీళ్లుండవు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, సంపు నిండుగానే ఉంటుంది. ఉన్న మూడు వాల్వుల్లో ఏది తిప్పితే నీళ్లు పైకెక్కుతాయో బాబాయ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్ కలిస్తే సరి, లేదంటే బకెట్లు మోయడమే!

హాస్టల్‌లో అయితే పోయేది ఒక పూట స్నానం. పరిశోధన ల్యాబ్‌లో ఇదే జరిగితే పోయేది ఏళ్ల కష్టం. అమెరికాలో అలాగే జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో 2020 సెప్టెంబరులో ఒక మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ అలారం మోగడం మొదలుపెట్టింది. రిపేరుకు మనిషి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకని దాన్ని కదపొద్దనీ, ప్లగ్ తీయొద్దనీ, మోత ఆపాలంటే ఫలానా బటన్ నొక్కాలనీ నోటీసు అంటించారు. శుభ్రం చేయడానికి వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగి నేరుగా బ్రేకర్ల దగ్గరికి వెళ్లాడు. ఆన్ చేస్తున్నాననుకుని ఆఫ్ చేశాడన్నది ఇన్‌స్టిట్యూట్ వాదన. మర్నాటికి ఫ్రీజర్ మైనస్ 32కు చేరింది. 20 ఏళ్లకు పైబడిన పరిశోధన నాశనమైందంటూ, 10 లక్షల డాలర్లకు మించిన నష్టం అడుగుతూ 2023లో క్లీనింగ్ సంస్థపై దావా వేశారు.

ఆ మనిషికి దురుద్దేశం లేదు. మంచే చేస్తున్నాననుకున్నాడు. నోటీసు ఒకచోట, స్విచ్ ఇంకోచోట. ఈ రెండింటినీ కలిపి, రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న మనిషికి కూడా అర్థమయ్యేలా చెప్పేదే మెయింటెనెన్స్ మాన్యువల్. దాన్ని రాయడం ఒక పని. చదువుకున్నవాళ్లకు దొరికే ఉద్యోగం కూడా. మన క్యాంపస్‌లలో దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

మనకిది దూరపు సంగతేం కాదు. ఎల్‌సీఏ 334 లాంటి మిరప రకాలు వచ్చిన లాం ఫారం గుంటూరు పక్కనే ఉంది. ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయమూ అక్కడే. 1976లో మొదలైన నాగార్జున విశ్వవిద్యాలయం, 1946 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ, వడ్లమూడి, వడ్డేశ్వరం, నీరుకొండల్లో ప్రైవేటు యూనివర్సిటీలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. పరిశోధన జరిగే ఏ భవనానికైనా కరెంటు, జనరేటర్, యూపీఎస్, ఏసీ, గాలి, నీళ్లు, ఫైర్ అలారం సరిగ్గా నడవాలి. గుంటూరు మే ఎండల్లో గంటసేపు కూలింగ్ పోతే ఏమవుతుందో కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి దాచుకునే ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు.

మరి మాన్యువల్‌లో ఏం ఉండాలి? కంపెనీ ఇచ్చిన క్యాటలాగులన్నీ కలిపి బైండ్ చేస్తే మాన్యువల్ అవదు. ఉదాహరణకు ఫ్యూమ్ హుడ్ తీసుకుందాం. ఘాటైన రసాయనాల ఆవిరిని బయటికి లాగేసే అద్దాల పెట్టె అది. దాని ముఖం దగ్గర గాలి సాధారణంగా సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి వెళ్లాలి. ఫ్యాన్ బెల్టు వదులైతే మోత మాత్రం యథాతథంగా వినిపిస్తుంది, లాగే బలం తగ్గిపోతుంది. చప్పుడు విని బాగానే ఉందనుకుంటే ఆవిరి విద్యార్థి ముఖానికే వస్తుంది. కాబట్టి మాన్యువల్‌లో ఈ వివరాలు స్పష్టంగా ఉండాలి: ఈ యంత్రం ఎక్కడుంది, ఏ బోర్డు నుంచి కరెంటు వస్తోంది, ఆపితే ఇంకా ఏమేం ఆగుతాయి, ఆపే ముందు ఎవరినడగాలి, మామూలు రీడింగ్ ఎంత, ఎన్నాళ్లకోసారి చూడాలి, అలారం మోగితే మొదట ఏం చేయాలి. జనరేటర్‌కీ అంతే. లోడ్ లేకుండా అయిదు నిమిషాలు తిప్పి 'ఓకే' అని రాస్తే సరిపోదు. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ల లోడ్ నిజంగా మోస్తుందా లేదా అన్నదే పరీక్ష.

దీనికి ఆధారమూ ఉంది. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో 8వ భాగం బిల్డింగ్ సర్వీసుల గురించి, 12వ భాగం భవనాల ఆస్తుల నిర్వహణ గురించి చెబుతాయి. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ విద్యార్థులు ఈ రెండూ ఒకసారి తిరగేసి ఇంటర్వ్యూకు వెళ్తే తేడా కనిపిస్తుంది.

ఉన్న విషయం దాచకుండా చెప్పుకుందాం. 'మాన్యువల్ రైటర్ కావలెను' అని నోటిఫికేషన్ రాదు. ఎంఈపీ ఇంజినీర్, కమిషనింగ్ ఇంజినీర్, ఫెసిలిటీ ఎగ్జిక్యూటివ్, టెక్నికల్ రైటర్ లాంటి పేర్లతో వెతకాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ, పరవాడ ఫార్మా సిటీ లాంటి చోట్ల ప్రతి పనికీ రాతపూర్వక పద్ధతి ఉండాల్సిందే కాబట్టి అటు చూడొచ్చు. మొదట్లో చాలామందికి కాంట్రాక్టు ఉద్యోగమే దొరుకుతుంది. నిచ్చెనలెక్కాలి, సీలింగ్ పైన పైపులు వెతకాలి, డ్రాయింగ్‌లో ఉన్నదీ గోడలో ఉన్నదీ ఒకటేనా అని చూడాలి. ఏసీ గదిలో కూర్చుని రాసే పని కాదిది. డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లకు ఇక్కడ చేతి అనుభవమే బలం.

బాధ్యత విద్యార్థుల మీదే వేస్తే న్యాయం కాదు. విశ్వవిద్యాలయాలు రెండు పనులు చేయాలి. కొత్త ల్యాబ్ భవనం అప్పగించేటప్పుడు పూర్తి మాన్యువల్ చేతికొచ్చేదాకా కాంట్రాక్టర్ తుది బిల్లు ఆపాలి. రాత్రి డ్యూటీ ఆపరేటర్, అటెండర్ వాడే పేజీలు తెలుగులో రాయించాలి. ఇంగ్లిష్ ఫైలు బీరువాలో ఉంటే ఆపదలో అది ఎవరికీ పనికిరాదు. ఈ తెలుగు పేజీల పనిని సొంత ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌గా ఇస్తే ఇద్దరికీ లాభం. సర్టిఫికెట్ కోసం ఏదో ఒక ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ చేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

అందాకా ఎదురుచూడక్కర్లేదు. ఈ ఆదివారం మీ హాస్టల్ మోటారు దగ్గరికి వెళ్లండి. బాబాయ్‌ని అడిగి మూడు వాల్వులకూ పేర్లు పెట్టండి. ఏది ఎప్పుడు తిప్పాలో ఒక్క పేజీలో రాసి బోర్డు పక్కన అంటించండి. వచ్చే సంక్రాంతికి ఆయన ఊరెళ్లినప్పుడు, మీకు గానీ ఆయనకు గానీ ఫోన్ చేయకుండా ఓ కొత్త కుర్రాడు నీళ్లు పైకెక్కించగలిగితే మీ మొదటి మాన్యువల్ పాసైనట్టే. రెజ్యూమెలో ధైర్యంగా రాసుకోండి.