గ్రహణం కాదు, తల్లి తప్పు అసలే కాదు

జింబాబ్వేలోని వడోమా ఆదివాసీల ఫొటో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. పాదానికి రెండే వేళ్లు. కింద ‘నిప్పుకోడి మనుషులు’ అని రాసి నవ్వే ఎమోజీలు. మా భవానీపురం గ్రూపుల్లోనూ తిరిగింది. ఆదివాసీలు కాబట్టే కదా ఈ వేళాకోళం? నిజానికి అది తెగ మొత్తానికి లేదు, కొన్ని కుటుంబాల్లోనే ఉంది. పేరు ఎక్ట్రోడాక్టిలీ. కడుపులో రెండో నెలలో చేతులూ కాళ్లూ తయారయ్యేటప్పుడు మధ్య వేళ్లు ఏర్పడవు. ఏ దేశంలోనైనా, ఏ కులంలోనైనా ఇలా పుట్టొచ్చు.

మన దగ్గర ఇలాంటి బిడ్డ పుడితే ముందు తల్లినే నిలదీస్తారు. గ్రహణం నాడు కత్తి పట్టావా, బయటికెళ్లావా అని. అమ్మమ్మలతో గొడవ పడమనను గానీ, ఇది మాత్రం చెప్పండి: వడోమాల్లో కనిపించే రకంలో తల్లికో తండ్రికో ఆ జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ అది బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఒక్కోసారి ఇద్దరిలో ఎవరికీ లేకుండా కొత్తగానూ వస్తుంది. ఇందులో ఆమె చేసిందేముంది?

నిందకి భయపడి బిడ్డ చేతిని కొంగు చాటున దాస్తే వైద్యం ఆలస్యమవుతుంది. పుట్టుకతో వచ్చే లోపాల్ని ఉచితంగా పరీక్షించడానికే 2013లో ఆర్‌బీఎస్‌కే పెట్టారు. అంగన్‌వాడీకి ఆ బృందం వచ్చిన రోజు బిడ్డని తీసుకెళ్లమనండి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే సదరం సర్టిఫికెట్ అడగాలి, పింఛను దాని మీదే ఆధారపడింది. వేలిముద్ర పడట్లేదని రేషన్ దగ్గర తిప్పి పంపితే ఐరిస్ తీయమనండి. వేళ్లు లేని ఒక కేరళ మహిళకి 2023లో వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇచ్చారు.