నడుముకు చాలని బెల్టు

చెప్పు బిగువైతే చెప్పును మారుస్తాము గాని కాలిని తెగ్గోసుకోము. చొక్కా చాలకపోతే దర్జీచేత కుట్టు విప్పిస్తాము. కాని కారులో సీటు బెల్టు చాలకపోతే మాత్రం, "నాకెందుకులెండి" అని నవ్వి వదిలివేస్తాము. భారీ శరీరం గల మన పెద్దలకు, పెండ్లికి పోయే కారులో నలుగురి ఎదుట నడుము కొలత బయటపడుతుందని బిడియం.

మా మేనత్తగారు బెంగుళూరునుంచి తిరుపతికి పోయేటప్పుడల్లా బెల్టును ఒడిలోకి లాక్కొని, తగిలించకుండా చేత్తో పట్టుకొని కూర్చుంటారు. "పోలీసుకు కనబడితే చాల్లేరా అబ్బాయీ!" అంటారు. పోలీసుకు చాలవచ్చును, గుద్దుకున్న బండికి చాలదు.

ఈ మూడు కొసల బెల్టును 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించినాడు. దెబ్బను ఎముకలు భరించేటట్టు చేయడమే అందులోని కిటుకు. కింది పట్టీ పొట్టకు దిగువన తుంటి ఎముకలపైన, పై పట్టీ భుజం నడుమనుంచి రొమ్ముమీదుగా ఉండవలెను. పట్టీ పొట్టమీదికి ఎక్కితే గుద్దుకున్నప్పుడు లోపలి అవయవాలకే దెబ్బ. లావు మనుషులకు వచ్చే చిక్కు ఇదే.

అమెరికా నిబంధనలలో బెల్టు కొలతకు తీసుకున్న పెద్ద మనిషి బరువు 215 పౌండ్లు, అంటే సుమారు 97.5 కిలోలు. అంతకు మించినవారికి చాలితే కంపెనీవారి దయ! కనుక చాలకపోవడం కొలతలోని లోపమే గాని మనిషి తప్పు కాదు.

ముందు ఉన్న బెల్టునే సరిచూసుకోవలెను. సీటును కొంచెం వెనక్కి జరిపి నిటారుగా కూర్చోవాలి. బెల్టును మెల్లగా, చివరికంటా లాగాలి, గుంజితే బిగుసుకుంటుంది. పొట్టను చేత్తో పైకెత్తి పట్టీని దిగువకు నెట్టి, తగిలించి, పై పట్టీని లాగి వదులు తీయాలి. అద్దె టాక్సీలలో వెనుక బకిల్ సీటు కవరు కింద దాగి ఉంటుంది. అందరూ ఎక్కకముందే డ్రైవరుచేత పైకి తీయించండి.

అప్పటికీ చాలకపోతే పొడిగింపు ముక్క ఉన్నది. ఒక కొసన లోహపు నాలుక, రెండో కొసన బకిల్ ఉంటాయి. మీ కారు కంపెనీ డీలరునే అడగండి. ఒక కారుది మరొక కారుకు సరిగా పట్టదు, విమానంలో ఇచ్చేది అసలే పనికిరాదు. తగిలించిన తరువాత బకిల్ పొట్టమీదికి రాక తుంటి పక్కనే ఉండాలి. అవసరం లేనివారు కూర్చుంటే దాన్ని తీసివేయాలి. పిల్లల సీటుకు ఎన్నడూ వాడరాదు.

బెల్టు పెట్టుకోమని మోగే గంట నోరు మూయించే చిన్న క్లిప్పు వేరు. అది పొడిగింపు కాదు, మోసం. ఆన్‌లైనులో దాన్ని అమ్మవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు కంపెనీలకు ఉత్తరువిచ్చింది.

మన దేశంలో వెనుక సీటువారికీ బెల్టు తప్పనిసరి. ప్రయాణం పొద్దున నవ్వులాట చేయక, ముందురోజే ఇంటి పిల్లలు పెద్దవారిని కారులో కూర్చోబెట్టి బెల్టు సరిచూడవలెను. గౌరవమంటే కాళ్ళకు దండం పెట్టడమొక్కటే కాదు గదా!