తెడ్డు పట్టుటకు ముందు

హుస్సేను సాగరము పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో నిర్మింపబడినది. సికిందర్ జా పేరిట 1806లో సికింద్రాబాదు వెలసినపుడు ఆ చెరువున కప్పటికే రెండు శతాబ్దముల వయసు దాటియున్నది. ఇంత నీటి యొడ్డున ఇన్ని తరములుగా కాపురముండియు మన నగరవాసులలో పడవను తానై నడుపనేర్చినవారు మిక్కిలి యరుదు. సైనికులును, సెయిలింగు క్లబ్బులవారును తెరచాప పడవల విద్యను చిరకాలముగా పోషించుచున్నారు. వారి పందెములకు దేశము నలుమూలలనుండి జనులు వచ్చుచున్నారు. కాని సామాన్య గృహస్థునకు సాగరమనగా గట్టుపై షికారు, టిక్కెట్టు కొని యెక్కు పడవ, అంతియే.

ఇపుడు కయాకు, కెనూ అను చిన్న పడవలపై యువజనులకు మక్కువ పుట్టినది. ఇది సంతోషింపదగిన మార్పు. ఈ విద్య మనకు కేవలము పరాయిది కాదు. కొల్లేటి తాటిదోనెయు, కృష్ణానదిలోని పుట్టియు దీనికి దగ్గరి చుట్టములే. కయాకులో కాళ్లు ముందునకు చాచి కూర్చుండి రెండు కొనలను రెక్కలుగల తెడ్డుతో నడుపుదురు. కెనూలో మోకాళ్లపై నుండి గాని, పీటపై కూర్చుండి గాని ఒంటిరెక్క తెడ్డు వేయుదురు. రెండును తేలికయైనవి, సన్ననివి. కావుననే అవి వేగముగా పోవును; కావుననే యవి సులభముగా తిరుగబడును.

ఈ రెండవ మాటను మనవారు తలపెట్టకున్నారు. నీటిని గూర్చి మన ప్రజలకు గల భావము విచిత్రమైనది. ప్రమాదము జరిగిననాడు విధిని నిందింతుము. జరుగనినాడు దానిని మరతుము. 1990 మార్చి 10వ తేదీన బుద్ధవిగ్రహమును గొనిపోవుచున్న తెప్ప యీ హుస్సేను సాగరముననే యొరిగి, విగ్రహము మునిగి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. అలలు లేని చెరువైనను బరువు తూకము తప్పినచో క్షమింపదని ఆ దినము చాటినది. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్నము కడ పవిత్రసంగమమున, అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు మందము వద్ద వరద గోదావరిలో రాయల్ వశిష్ఠ మునిగి యేబదిమందికి పైగా బలియైరి. నాడు దరిదాపు పల్లెల గిరిజనులు తమ చిన్న పడవలలో వచ్చి పలువురను గట్టు చేర్చిరి. అక్టోబరు 22న ఆ పడవను నదీగర్భమునుండి వెలికి లాగినది కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము. నీటి విద్య మన జాతిలో లేక పోలేదు. అది పల్లెకారుల యింట, గిరిజనుల యింట నున్నది. విహారమునకు పోవు పట్టణవాసి దానిని నేర్చుకొనలేదు, అంతే.

మొదట నేర్వవలసినది చొక్కా సంగతి. లైఫు జాకెట్టని జనులు పిలుచు తేలుడు చొక్కా పడవలో నుండుట వేరు, మేన నుండుట వేరు. పడవ తిరుగబడుటకు రెండు క్షణములు చాలును. ఆ రెండు క్షణములలో పీటక్రింది చొక్కాను తీసి, తొడిగి, పట్టీలు బిగించుకొనుట యెవ్వరి తరము కాదు. చొక్కా కొలతకు సరిపోవలెను. తొడిగి పట్టీలు బిగించిన పిదప, వేరొకరు భుజములకడ పట్టి పైకి లాగినపుడు అది గడ్డము దాటి చెవులదాక లేచినచో, నీటిలోను అట్లే లేచి మనిషిని విడిచిపోవును. ఈత వచ్చినవానికి చొక్కా యేల యను గర్వము కూడదు. తలకు దెబ్బ తగిలినవానికి ఈత గుర్తుండదు. రాళ్లున్న ప్రవాహమున శిరస్త్రాణము, ఎల్లెడల మెడకొక యీల, పడవ కొనలలో గాలి నింపిన తిత్తులు ఉండవలెను. ఇవి యలంకారములు గావు.

పిదప విద్య. కయాకు నేర్పు గురువు తొలిపాఠముగ శిష్యుని పడవతో సహా తలక్రిందుచేయును. లోతు తక్కువగల నిర్మలజలమున, ప్రక్కనే మనిషి యుండగా, నడుమునకు బిగించిన గుడ్డకప్పును ముందరి పట్టీతో లాగి విడిపించుకొని, తొందరపడక బయటపడుట యతడు నేర్వవలెను. వెలుపలికి వచ్చినవాడు పడవను విడువరాదు; మనిషి తలకన్న తేలు పడవ వెదకువారి కంటికి వేగముగ కనబడును. గాలి వీచుదినమున తొలుత గాలి కెదురుగ పోవలెను. అలసిన పిదప తిరుగుప్రయాణమున గాలియే తోడగును.

నదిలో నియమములు మారును. తిరుగబడిన పడవకు ఎగువవైపున నుండవలెను. దిగువనున్నవాడు పడవకును బండకును నడుమ నలిగిపోవును. వడిగల నీటిలో నిలువబడ యత్నింపరాదు, రాళ్లసందున పాదము చిక్కినచో ప్రవాహము మనిషిని ముంచివేయును. వెల్లకిల పరుండి, పాదములు దిగువకు చాచి, గట్టువైపు చేతులతో ఈదవలెను. ఆనకట్ట క్రింద నీరు తనలోనికి తాను తిరిగి లాగుకొనును. ఆ చోటు ఎంత ప్రశాంతముగ గనబడినను దూరముగ తొలగవలెను.

ఇంతవరకు వ్యక్తుల బాధ్యత. ఇక ప్రజలందరి బాధ్యత యొకటి కలదు. తలక్రిందగుటయే తొలిపాఠమైనచో, ఆ పాఠము చెప్పుటకు నిర్మలమైన నీరు కావలెను గదా! ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన హుస్సేను సాగరములోనికి కూకట్‌పల్లి నాలా మురుగును, కర్మాగారముల మలినమును మోసికొని వచ్చుచు దశాబ్దములు గడచినవి. ఏ తండ్రి తన బిడ్డను ఆ నీటిలో ముంచి లేపుమని గురువు నడుగగలడు? తలక్రిందగుట నేర్వనివాడు పడవ నేర్చినవాడు కాడు. కావున చెరువును శుభ్రపరచుట సౌందర్యము కొరకు మాత్రమే కాదు, ప్రాణరక్షణ కొరకు సైతమని పాలకులు గుర్తింపవలెను.

శాసనమును మన కున్నది. 1917 నాటి చట్టమునకు మారుగ 2021లో అంతర్దేశ నౌకల చట్టమును పార్లమెంటు చేసినది. యంత్రము లేని పడవలను గూర్చియు అందు ప్రస్తావన కలదు. కాని రేవున టిక్కెట్టు చించువాడు, చొక్కా తొడుగని ప్రయాణికుని పడవ దింపనిదే ఆ చట్టము కాగితముపైననే యుండును. ఏరు దాటి తెప్ప తగులబెట్టు జాతి యని మనకు సామెత యున్నది. ప్రతి దుర్ఘటనకు పిదప నాలుగు దినములు నియమములు మాటలాడి, అయిదవనాడు వానిని తగులబెట్టుట మనకు పరిపాటియైనది.

యువకులారా, పడవ నెక్కుడు. ఆ యుత్సాహమును మేమెంతమాత్రము నిరుత్సాహపరుపము. ప్రభుత్వమువారు, క్లబ్బులవారు, పాఠశాలలవారు కలిసి ప్రతి బాలునకు, బాలికకు ఈత నేర్పి, పిదప తెడ్డు చేతికీయవలెను. పల్లెకారులను పిలిచి గురుస్థానమున కూర్చుండబెట్టవలెను. రేవుకడ చొక్కా లేని ప్రయాణమును నిషేధింపవలెను. ఇందుకు కోట్లు వ్యయము కాదు, పట్టుదల వ్యయమగును. దానిని కూడ మనము పొదుపు చేసికొన్నచో మరియొక మరణవార్తను ప్రకటించు దినము దూరముండదు.