సంతకం పెట్టే ముందు ముల్లు చూశారా?

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్ మంగాఫ్‌లో కార్మికుల బిల్డింగ్ తగలబడి పదుల సంఖ్యలో భారతీయులు పోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ.

చాలా క్యాంపుల్లో ఫైర్ ట్రైనింగ్ అంటే సిలిండర్ కొట్టించి ఫోటో తీసుకోవడమే. చెక్ చేయడం నేర్పరు. నెలకోసారి ముల్లు పచ్చరంగులో ఉందా, పిన్నూ సీలూ ఉన్నాయా చూడాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కైతే ముల్లే ఉండదు, తూకం వేయాల్సిందే. అలారం నొక్కితే పై అంతస్తులో పడుకున్నవాళ్లకి వినబడుతుందా? మెట్ల తలుపుకి తాళం ఉందా? ఆ తాళం తీయించే అధికారం లేనివాడికి ట్రైనింగ్ సర్టిఫికెట్ ఇచ్చి ఏం లాభం?

చూడకుండా రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటే పెట్టకండి అన్నా. రేపు ఏదైనా జరిగితే ఆ పేజీలో ఉండేది సూపర్‌వైజర్ పేరు కాదు, మీది.