'సెకండ్ థాట్స్' అంటే మాట తప్పడమా?

హైస్కూల్లో చదువుతున్న మీ అబ్బాయి లేదా అమ్మాయి ఇంగ్లిష్ నోట్సు ఒకసారి తీసి చూడండి. ఇడియమ్స్ పేజీలో 'హావ్ సెకండ్ థాట్స్', 'చేంజ్ ఆఫ్ హార్ట్', 'గెట్ కోల్డ్ ఫీట్', 'యూ-టర్న్' వరసగా కనిపిస్తాయి. ఎదురుగా రాసుకున్న అర్థం చాలాసార్లు ఒక్కటే: మనసు మార్చుకోవడం. పరీక్షలో జతపరచమంటే దాంతో మార్కులు వచ్చేస్తాయి. కానీ నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తే పిల్లలు మాట్లాడేటప్పుడు ఇబ్బంది పడతారు. అంతకన్నా ముఖ్యంగా, ఇంట్లో వాళ్లు చెప్పేది ఒకటైతే మనం వినేది ఇంకొకటవుతుంది.

ముందు భాష సంగతి చూద్దాం. 'ఐ యామ్ హావింగ్ సెకండ్ థాట్స్' అన్నవాళ్లు ఇంకా మనసు మార్చుకోలేదు. తీసుకున్న నిర్ణయం సరైనదేనా అన్న అనుమానం మొదలైందని చెబుతున్నారు, అంతే. 'ఆలోచనలో పడ్డాను' అంటామే, దాదాపు అదే. చివరికి పాత నిర్ణయమే ఖాయం కావచ్చు కూడా. దీన్ని 'థింక్ ట్వైస్'తో కలపకూడదు. అది నిర్ణయానికి ముందు చెప్పే జాగ్రత్త, ఇది నిర్ణయం తర్వాత వచ్చే సందేహం. 'ఆన్ సెకండ్ థాట్స్' అని వాక్యం మొదలుపెడితే మాత్రం సంగతి వేరు. హోటల్లో ఇడ్లీ చెప్పి, 'ఆన్ సెకండ్ థాట్స్, దోసె తీసుకురండి' అంటే మనసు అప్పటికే మారిపోయినట్టు. అమెరికన్లు ఇక్కడ 'థాట్' అని ఏకవచనం వాడతారు, బ్రిటిష్ వాళ్లు 'థాట్స్' అంటారు. రెండూ సరైనవే.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది 'చేంజ్ ఆఫ్ హార్ట్' దగ్గర. తెలుగులో ఆలోచనకూ అనుభూతికీ 'మనసు' అనే ఒక్క మాట సరిపోతుంది. ఇంగ్లిష్‌లో 'మైండ్' వేరు, 'హార్ట్' వేరు. ఇడ్లీ నుంచి దోసెకు మారడాన్ని 'చేంజ్ ఆఫ్ హార్ట్' అంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. ఒక విషయం మీద మన భావం, వైఖరి మారినప్పుడు వాడే మాట అది. కళింగ యుద్ధం తర్వాత అశోకుడిలో వచ్చిన మార్పు దీనికి తగిన ఉదాహరణ. ఆ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని ఆయన తన పదమూడో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. సెలవుల్లో పిల్లలకు చూపించండి.

'కోల్డ్ ఫీట్' అంటే ఒప్పుకున్న పని దగ్గరపడేసరికి ధైర్యం చాలకపోవడం. స్టేజీ ఎక్కే ముందు చాలామందికి ఎదురయ్యేదే. ఇక 'యూ-టర్న్' ఎక్కువగా రాజకీయాల్లో వినిపించే మాట, అందులో విమర్శ ఉంటుంది. 1980 అక్టోబరులో బ్రైటన్ పార్టీ సభలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తాను యూ-టర్న్ తీసుకోబోనని ప్రకటించిన సంగతి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తెలుగులోనూ ఈ తేడాలున్నాయి. 'పునరాలోచించాడు' అంటే గౌరవంగా ఉంటుంది. 'వెనక్కి తగ్గాడు' అంటే కాస్త చిన్నచూపు. 'మాట మార్చాడు' అంటే నింద. 'ప్లేటు ఫిరాయించాడు' అంటే ఇక తిట్టినట్టే. మనిషి చేసిన పని ఒక్కటే అయినా, మనం ఎంచుకున్న మాటలోనే తీర్పు ఇమిడిపోతుంది.

ఇది వ్యాకరణం క్లాసుతో ఆగిపోయే సంగతి కాదు. పదో తరగతి పిల్లలున్న ఇంటిని ఊహించుకోండి. ఎంపీసీ అని ఎనిమిదో తరగతిలోనే అనుకున్నారు. ఫౌండేషన్ కోర్సులో చేర్చారు, ఫీజు కట్టారు, చుట్టాలందరికీ చెప్పేశారు. ఒకరోజు అమ్మాయి, "నాన్నా, ఎంపీసీ గురించి నాకు సెకండ్ థాట్స్ వస్తున్నాయి" అంటుంది. "ఇంత ఖర్చు పెట్టాక ఇప్పుడు ప్లేటు ఫిరాయిస్తావా?" అని మన నోటి నుంచి వచ్చేస్తుంది. తను చెప్పింది సందేహం, మనం ఇచ్చింది తీర్పు. అలాంటి జవాబు ఒకసారి విన్న అమ్మాయి ఇంకో సందేహాన్ని మన దాకా తీసుకురావడానికి జంకుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం సగం గడిచి, గ్రూపు మార్చుకోవడం కష్టమయ్యాక అది బయటపడితే నష్టం అందరిదీ.

చార్లెస్ డార్విన్ ఇంట్లో ఇలాంటిదే జరిగింది. తండ్రి రాబర్ట్ డాక్టరు. కొడుకునీ వైద్యం చదవమని ఎడిన్‌బరో పంపారు. మత్తుమందు లేని ఆ రోజుల ఆపరేషన్లు చూడలేక అతను ఆ చదువు మానేశాడు. తర్వాత మతాచార్యుడు కావడానికి కేంబ్రిడ్జిలో చేరాడు. 1831లో 'బీగిల్' నౌకలో ప్రయాణానికి పిలుపు వస్తే తండ్రి గట్టిగా వద్దన్నారు. అయితే ఒక తలుపు తెరిచే ఉంచారు: ఇంగితజ్ఞానం ఉన్న మనిషి ఎవరైనా వెళ్లమని సలహా ఇస్తే ఒప్పుకుంటానన్నారు. డార్విన్ తండ్రి అభ్యంతరాలను కాగితం మీద రాశాడు. మొత్తం ఎనిమిది. మేనమామ జొసయా వెడ్జ్‌వుడ్ ఒక్కోదానికీ జవాబు రాసి పంపారు. అది చదివి తండ్రి మనసు మార్చుకున్నారు. ఆ డిసెంబరు 27న నౌక బయల్దేరింది. ఆ తండ్రిది యూ-టర్న్ అనగలమా? అభ్యంతరాలు చెప్పారు, జవాబులు విన్నారు, ఒప్పుకున్నారు.

అలాగని పిల్లలు మనసు మార్చుకున్న ప్రతిసారీ తలూపమని కాదు. అది నాలుగింటిలో ఏదో ముందు తేల్చుకోవాలి. ఫిజిక్స్ యూనిట్ టెస్టులో మార్కులు తగ్గిన వారమే సందేహం మొదలైతే అది కోల్డ్ ఫీట్ కావచ్చు. అప్పుడు కావాల్సింది ధైర్యం, ఆ చాప్టర్లో కాస్త సాయం. నెలల తరబడి తనంతట తానే బయాలజీ పుస్తకం ముందు తెరుస్తుంటే అది చేంజ్ ఆఫ్ హార్ట్. దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్నేహితురాలు ఆ గ్రూపు తీసుకుంటోందన్న ఒక్క కారణమే అయితే, రెండు వారాలు ఆగి మళ్లీ అడగండి.

మీ అభ్యంతరాలు మీరూ, తన కారణాలు తనూ ఒకే కాగితం మీద రాయండి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగుకు ఆ కాగితం తీసుకురండి. మేనమామ లాంటి మూడో మనిషి పాత్ర టీచరు పోషించగలరు. అలాగే ఇంట్లో మీరు ఏ నిర్ణయాన్నైనా మార్చుకున్నప్పుడు, ఎందుకు మార్చుకున్నారో పిల్లల ముందే చెప్పండి. కారణం చెప్పి మనసు మార్చుకోవడం తప్పు కాదని వాళ్లకు తెలిసేది అలాగే.

ఇడియమ్స్ నోట్సులో కూడా ఒక చిన్న మార్పు చేయించండి. అర్థం రాసి ఊరుకోకుండా, తన జీవితంలోంచి ఒక్కో దానికీ ఒక్కో వాక్యం రాయమనండి. 'సెకండ్ థాట్స్' ఎదురుగా ఏం రాశారో మాత్రం తప్పకుండా చదవండి. మీకు ఇంకా చెప్పని సంగతి అక్కడ ఉండొచ్చు.