గడప నుండి గడప వరకు

ప్రయాణం విమానాశ్రయంలో మొదలై విమానాశ్రయంలో ముగిసేది కాదు. ఒక గడప దాటినప్పుడు మొదలై, మరొక గడప తొక్కినప్పుడు ముగుస్తుంది. ఈ సంగతిని గుర్తించిన ఐరోపా సంఘం 2011లో వెలువరించిన ‘ఫ్లైట్‌పాత్ 2050’ అను పత్రంలో ఒక లక్ష్యాన్ని నిర్దేశించింది: 2050 నాటికి ఐరోపాలో ప్రయాణించే వారిలో 90 శాతం మంది ఇల్లు విడిచిన 4 గంటలలోగా గమ్యం చేరవలెను. ఆ లక్ష్యసాధనను పరిశీలించుటకు 2014–2017 మధ్య ‘డేటాసెట్ 2050’ అను పరిశోధన జరిగింది. అది ప్రయాణాన్ని ఐదు భాగాలుగా విభజించింది. విచిత్రమేమనగా, అందులో విమానం కదిలేది ఒక్క భాగంలోనే. తక్కిన నాలుగూ నేలమీదివే.

రసాయన శాస్త్రం చదివినవారికి ఇది పరిచితమైన విషయమే. పలు దశలలో సాగే రసాయన చర్యలో అన్నిటికంటె నెమ్మదైన దశయే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. వేగవంతమైన దశను మరింత వేగిరపరచినా ప్రయోజనం ఉండదు. ప్రయాణంలోనూ అంతే. నెమ్మదైన దశ ఆకాశంలో లేదు, అతుకులలో ఉన్నది.

ఐర్లండు వాయవ్య తీరంలోని స్లైగో పట్టణం ఇందుకు చక్కని నిదర్శనం. రవీంద్రుని ఆంగ్ల గీతాంజలికి పీఠిక రాసిన కవి యేట్స్ సమాధి ఈ ప్రాంతంలోనే ఉన్నది. ఇచ్చటి స్ట్రాండ్‌హిల్ విమానాశ్రయం నుండి డబ్లిన్‌కు పూర్వం ప్రభుత్వ సహాయంతో విమానాలు నడిచేవి. 2011లో ఆ సహాయం ఆగింది, విమానాలూ ఆగినవి. నేడు స్లైగో నుండి డబ్లిన్ కనోలీ స్టేషనుకు రైలులో సుమారు 3 గంటలు పడుతుంది. డబ్లిన్ విమానాశ్రయానికి రైలు మార్గం ఇంకను లేదు గనుక, అక్కడ దిగి బస్సు పట్టవలెను. అనగా, విమానం ఎక్కకముందే 4 గంటల గడువు దాదాపు హరించిపోతుంది!

మరల విమానాలు నడపడమే దీనికి విరుగుడు అనవచ్చును. కాని అంత తక్కువ దూరంలో గాలిలో ఆదా అయిన సమయం నేలమీది తనిఖీలకే చెల్లిపోతుంది. నిజానికి వాహనాల కొరత లేదు. స్లైగో నుండి డబ్లిన్ విమానాశ్రయానికి నేరుగా బస్సు ఉన్నది. 1986లో ప్రారంభమైన, సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని నాక్ విమానాశ్రయానికీ బస్సు ఉన్నది. కొరవడినది పూచీ. ఐరోపా వారి 261/2004 నిబంధన విమాన ప్రయాణికునికి రక్షణ ఇస్తుంది. కాని విడిగా కొన్న టిక్కెట్టుపై ఎక్కిన బస్సో రైలో ఆలస్యమై విమానం తప్పితే, ఆ నష్టం ప్రయాణికునిదే. అందుచేత అతడు గంటల తరబడి ముందుగా బయలుదేరుతాడు. ఆ భయం వల్ల కలిగే నిరీక్షణయే అసలైన నెమ్మది దశ.

దీనికి ఉత్ప్రేరకం ఒకే టిక్కెట్టు, ఒకే పూచీ. ఉత్ప్రేరకం చర్యలోని పదార్థాలను మార్చదు. వాటి దారిని సుగమం చేస్తుంది. ఇక్కడ కూడ అవే బస్సులు, అవే విమానాలు. జర్మనీలో లుఫ్తాన్సా సంస్థ 1982లోనే విమాన సంఖ్యతో రైళ్లు నడిపింది. నేడు రైలూ విమానమూ కలిపి ఒకే టిక్కెట్టు ఇస్తున్నది. పరుల ఆలస్యానికి తాము చెల్లించడమెందుకని విమాన సంస్థలు అడుగవచ్చును. ఆలస్యాల లెక్క ఏ రోజుకారోజు నమోదవుతూనే ఉన్నది గనుక నష్టాన్ని అంచనా వేయవచ్చును. లక్షల టిక్కెట్లపై పంచితే అది స్వల్పం. ఒక్కరి నెత్తిన పడితే పిడుగుపాటు.

ఇది ఐరోపా సమస్య మాత్రమే కాదు. హైదరాబాదులో శంషాబాదు విమానాశ్రయం 2008లో ప్రారంభమైనా మెట్రో రైలు ఇంకను అక్కడికి చేరలేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులే సామాన్యునికి ఆధారం. విదేశాలలోని చిన్న ఊళ్లకు బిడ్డలను చూడబోయే వృద్ధ తల్లిదండ్రులకు, వేల మైళ్ల ఆకాశయానం కంటె చివరి రెండు వందల కిలోమీటర్లే దుర్గమం. అపరిచిత భాష నడుమ పెట్టెలు మోసుకొని బస్సు ఎక్కడ ఆగునో వెదకే ఆ వృద్ధుల కష్టం తీరనంతవరకు, విమానం ఎంత వేగంగా ఎగిరినా ప్రయాణశాస్త్రం పరిణతి చెందినట్లు కాదు. పరిశోధన ధనంలో తగిన భాగం రెక్కల నుండి ఈ అతుకుల వైపు మళ్లవలసి ఉన్నది.