పక్షవాతానికి వంశమే కారణమా?

ఇంట్లో ఇద్దరికి పక్షవాతం వస్తే ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అనేస్తాం. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాల్లోనూ ఇదే మాట. అందులో నిజం లేకపోలేదు. అది ఎంతన్నదే ప్రశ్న.

రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకున్నచోటికి రక్షణ కణాలు చేరి వాపు పుట్టిస్తాయి. అది ముదిరి గోడ చిట్లితే రక్తం గడ్డకట్టి మెదడుకు దారి మూసుకుపోయి పక్షవాతం వస్తుంది. వాపును ఎగదోసే ఇంటర్‌ల్యూకిన్-6, అణచే ఇంటర్‌ల్యూకిన్-10 ఎవరిలో ఎంత తయారవుతాయన్నది కొంతవరకు జన్యువుల చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా జన్యు పరిశోధకులు, నిమ్స్ న్యూరాలజీ వైద్యులు కలిసి పక్షవాత రోగులను ఆరోగ్యవంతులతో పోల్చి ఇలాంటి జన్యు మార్పులను పరిశీలించారు.

2022లో ‘నేచర్’ ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం 1.10 లక్షల మందికి పైగా రోగుల సమాచారంతో 89 జన్యు స్థానాలకు పక్షవాత ముప్పుతో సంబంధం ఉందని తేల్చింది. అయితే విడివిడిగా వాటి ప్రభావం స్వల్పమే. అరుదైన కొన్ని వంశపారంపర్య జబ్బులు తప్పిస్తే, ఒక్క జన్యువును చూసి పక్షవాతం వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఈ పరిశోధన ప్రయోజనం కొత్త మందుల వేటలో ఉంది. అక్కడా చిక్కులున్నాయి. గుండెపోటు వచ్చినవారికి వాపును అణచే కనకినుమాబ్ అనే మందు ఇస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయని 2017లో తేలింది. కానీ ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి.

ఇక 32 దేశాల్లో జరిగి 2016లో వెలువడిన ‘ఇంటర్‌స్ట్రోక్’ అధ్యయనం పక్షవాత ముప్పులో 90 శాతం మార్చుకోగల పది కారణాలదేనని చెప్పింది. వాటిలో పెద్దది బీపీ. పొగాకు, షుగర్, మద్యం కూడా ఆ జాబితాలోవే. ఒంట్లో బాగుందని బీపీ మాత్ర మానేయడం జన్యువు చేసే కీడు కన్నా పెద్ద కీడు.

పక్షవాతం వస్తే గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. నాటు మందు కోసం ఒక పూట తిరిగితే ఆ గడువు దాటినట్టే. ఆత్మకూరు స్థాయి ఆసుపత్రుల్లో సీటీ, ఆ ఇంజెక్షన్ రాత్రింబవళ్లు అందేలా చూడటం ప్రభుత్వ బాధ్యత. మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయడం మన బాధ్యత.